ఎనభై మూడు కిలోల దగ్గర

ఏడు వారాలుగా ఆసుపత్రి తూకం యంత్రం నన్ను ఎనభై మూడు దగ్గరే నిలబెట్టింది. చెప్పులు విప్పి ఎక్కాను. చేతి గాజులు తీసి ఎక్కాను. ఒకసారి జడ క్లిప్పు కూడా నర్సు చేతిలో పెట్టి ఎక్కాను. ఆ నర్సు మూడో వారం నుంచి అంకె వైపు చూడటం కూడా మానేసింది. నేను ఎక్కకముందే కాగితం మీద ఎనభై మూడు అని రాసేసేది. ఒళ్లు మండేది గానీ, ఆవిడ రాసింది తప్పయితే కదా పోట్లాడటానికి.

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు, రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన మంచానికి అతుక్కుని పడుకుంటాడు. ఇరవై ఏళ్లు బస్సు నడిపినవాడు ఇప్పుడు రెండో అంతస్తుకు ఎక్కాలంటే మూడు చోట్ల ఆగుతాడు. వాళ్లావిడ రక్తం గ్రూపు కలవలేదు. అమ్మా నాన్నా లేరు. కలిసింది నాది ఒక్కదానిదే, ఒక కిడ్నీ ఇస్తానన్నాను. కానీ డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఎనభై లోపుకు రండి. తమ్ముణ్ణి బాగుచేయబోయి మిమ్మల్ని మంచాన పడేయలేను" అన్నాడు. అప్పుడు నేను తొంభై నాలుగు కిలోలు.

నేను పంతం పట్టానంటే వదిలే మనిషిని కాను. రాత్రి అన్నం మానేశాను. టీలో చక్కెర మానేశాను. నేను పనిచేసే క్యాంటీన్‌కు రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచాను. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. ఇంకో మూడు కిలోలేగా, చిటికెలో పని అనుకున్నాను. అక్కడ ఆగిపోయింది. ఇంకా తక్కువ తిన్నాను, ఇంకా ఎక్కువ నడిచాను. మా ఆయన మీద అరవడం మాత్రం బాగా పెరిగింది, బరువు వంద గ్రాములు కూడా తగ్గలేదు.

అంతలో తమ్ముడి చేతిలో యంత్రానికి కలిపే రక్తనాళం రెండోసారి పూడుకుపోయింది. దాన్ని ఎలాగో తెరిచారు గానీ, డాక్టరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నెలాఖరు దాకా చూస్తానన్నాడు. అప్పటికి నేను ఎనభై లోపుకు రాకపోతే, ముక్కూ మొహం తెలియనివాళ్ల కిడ్నీ కోసం పేరు రాయించుకుని వరసలో నిలబడాల్సిందేనట. ఆ వరస మూడేళ్లది. మూడేళ్లు వాడి చెయ్యి తట్టుకుంటుందని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజే మా మరదలు వరండాలో నా పక్కన వచ్చి కూర్చుంది. బడిలో గుమాస్తా ఉద్యోగం తనది, మాట మెత్తన.

"వదినా, ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోరు కదా?"

"అడుగు."

"మీకు లోపల ఇష్టం లేకపోతే చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన అసలే అనుకోరు. ఇలా బరువు పేరు చెప్పి..." అని ఆగిపోయింది.

చెంప మీద కొట్టినా అంత బాధ పడేదాన్ని కాదు. సంచిలోంచి నా పుస్తకం తీసి తన ఒళ్లో పడేశాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తిన్నానో, ఎంత తిన్నానో, తాగిన మంచినీళ్లతో సహా అందులో రాసుకున్నాను. తను నాలుగు పేజీలు తిప్పింది.

"ఈ తిండితో పిచ్చుక కూడా బతకదు వదినా" అంది. నమ్మిందో, మర్యాదకు అందో నాకు తెలియలేదు.

తనను కడిగేసి ఇంటికి వెళ్లుంటే బాగుండేది. కానీ ఆ ప్రశ్న నాతోపాటు బస్సెక్కింది. చెప్పొద్దూ, నాకు భయమే. కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితేనే చూడలేను, నడుం పక్కన కోస్తారంటే ఎలా ఉంటుంది? ఆ భయమే ఒంట్లో ఎక్కడో నక్కి నన్ను తగ్గనివ్వడం లేదేమో. పైకి ఇస్తానంటూ లోపల పిడికిలి బిగించుకుని కూర్చున్నానేమో. అలా అనుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

బరువు తగ్గడం లేదని తమ్ముడితో అంటే వాడు మొదటి రోజు నుంచీ అంటున్న మాటే అన్నాడు. "పోనీలే అక్కా, నీకెందుకీ తిప్పలు. యంత్రం ఉందిగా." వాడి గొంతులో కోపం ఉన్నా కాస్త నయంగా ఉండేది.

నేను ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మేస్త్రిని. ఇరవై రెండేళ్లుగా రోజూ మూడు వందల మందికి మధ్యాహ్న భోజనం నా చేతి మీదుగా వెళుతుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని గిన్నెలు ఏడు. సూపు, అన్నం, రెండు కూరలు, మాంసం, వేపుడు, తీపి. నా కింద ఉన్న వంటవాడి పేరు చప్పిడి. అది మేం పెట్టిన పేరు. పద్దెనిమిదేళ్ల కిందట చేరిన మొదటి రోజే ఉప్పు లేని సూపు మూడు వందల మందికి పోశాడు. ఆ తర్వాత వాణ్ణి ఉప్పు డబ్బా ముట్టనివ్వలేదు నేను.

నా తిండి సంగతి చూసే డైట్ మేడమ్ వయసులో నాకంటే సగం. పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఆ పిల్లకు తప్పు దొరకలేదు. ఒక మంగళవారం, పదకొండు కావస్తుండగా ఫోన్ చేసింది. పొయ్యిల మీద అన్నీ ఉడుకుతున్నాయి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడుతున్నాను.

"ఏం తింటున్నారు?" అంది ఉన్నట్టుండి.

"ఏమీ తినట్లేదు మేడమ్, పనిలో ఉన్నా."

"ఊదుకుంటున్నారు, జుర్రుతున్నారు. నాకు ఇక్కడికి వినిపిస్తోంది."

"అదా. సూపులో ఉప్పు సరిపోయిందా లేదా అని చూస్తున్నా."

"రోజుకు ఎన్నిసార్లు చూస్తారు?"

"వంటమనిషిని పట్టుకుని అదేం ప్రశ్న మేడమ్? గిన్నె దిగేదాకా చూస్తూనే ఉంటాను."

"అది పుస్తకంలో ఎక్కడ రాశారు?"

"అదెందుకు రాస్తాను? అది తిండి కాదుగా, నా పని."

ఆ పిల్ల నవ్వలేదు, తిట్టలేదు. రేపు మూత ఉన్న డబ్బా ఒకటి పక్కన పెట్టుకోమంది. నోట్లో ఎంత వేసుకుంటే డబ్బాలో అంత వెయ్యాలి, అంతే. చిన్నపిల్లల ఆటలా ఉందే అని గొణుక్కున్నాను గానీ, పెట్టుకున్నాను.

మర్నాడు పని మొదలైన గంటకే డబ్బా అడుగు కనపడలేదు. సూపు మూడుసార్లు చూశాను, చూసినప్పుడల్లా చిన్న గరిటెడు. అన్నం ఉడికిందా అని ఒక ముద్ద, వార్చాక ఇంకో ముద్ద. మాంసం మెత్తబడిందా అని ఒక ముక్క, అది ఒక పక్కది కాబట్టి ఇంకో పక్కది ఒక ముక్క. బంగాళాదుంపల వేపుడు కరకరలాడుతోందా అని తీసిన ప్రతి వాయిలోనూ రెండేసి. తీపి సంగతి చెప్పను, సిగ్గేస్తుంది. ఒక్కటి కూడా ఆబగా తినలేదు. ఒక్కటి కూడా తింటున్నానని నాకు తెలియలేదు. చెయ్యి దానంతటది వెళుతుంది, నాలుక చెబుతుంది, నేను ఉప్పు వేస్తాను.

రెండింటికి డబ్బా మూత పట్టలేదు. కూరగాయలు తూచే కాటా మీద పెడితే కిలోకు కాస్త తక్కువ. అన్నీ కలిసి చూడటానికే వికారంగా ఉంది.

చప్పిడి తొంగి చూశాడు. "మేస్త్రిగారూ, ఇది ఎవరికి క్యారేజీ?"

"నాకే. రోజూ నేనే తింటున్నానట."

ఉల్లిపాయల బస్తా మీద కూలబడి ఏడ్చాను. వాడు కంగారుపడి నీళ్లు తెచ్చాడు. బాధతో ఏడుస్తున్నాననుకున్నాడు పాపం. నాకు ఎంత హాయిగా ఉందో వాడికి ఎలా చెప్పను? నా లోపల ఎవరూ పిడికిలి బిగించుకుని కూర్చోలేదు. నా మనసు ఇవ్వననలేదు. తప్పు గరిటెది, నాది కాదు. అంటే నాదే, కానీ ఆ తప్పు కాదు. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

డైట్ మేడమ్ ఫోన్‌లో లెక్క విప్పింది. తొంభై నాలుగు కిలోల మనిషిని మోయడానికి ఒంటికి చాలా కావాలి. అందుకే ఆ డబ్బాడు తిండి కడుపులో పడుతున్నా మొదట్లో తగ్గాను. మనిషి చిన్నదైన కొద్దీ ఒంటి అవసరమూ చిన్నదైంది. ఎనభై మూడు దగ్గర పుస్తకంలోదీ డబ్బాలోదీ కలిపి నాకు సరిగ్గా సరిపోయింది. అంతే, బండి ఆగింది.

"రుచి చూసి ఉమ్మేయండి" అంది.

ఒక పూట చూశాను. వండినదాన్ని ఉమ్మడం నావల్ల కాలేదు. పైగా ఉమ్ముతున్నాననుకుంటూనే సగం మింగేశాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి, అది నా గొంతులో దిగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు చప్పిడిని పిలిచి చిన్న గరిటె చేతికిచ్చాను.

"నెలాఖరు దాకా ఉప్పు నువ్వే చూడాలి."

వాడు గరిటె అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా నాలుకను నమ్ముతారా?"

"నమ్మను. గతిలేక ఇస్తున్నా."

మొదటి రోజు సూపు చూసి "సరిపోయింది" అన్నాడు. రంగు చూస్తే నాకు సరిపోయినట్టు అనిపించలేదు. వాడు అటు తిరగగానే ఇంకో గుప్పెడు వేశాను. పన్నెండున్నరకు ఒక ఫిట్టరు గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ, ఇది సూపా, సముద్రమా?" అన్నాడు. చప్పిడి నా మొహం చూశాడు. బకెట్ వేడినీళ్లు, ఉడికించిన దుంపలు తెచ్చి పొయ్యి మీది సూపు గిన్నెలో కలిపాడు.

సాయంత్రం పొయ్యిలు తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఒకటి చెప్పనా మేస్త్రిగారూ. నేను చేరిన రోజు సూపులో ఉప్పు నేను మర్చిపోలేదు. కొత్తవాడివి, నువ్వు ముట్టుకోకు, నేను వేస్తా అన్నారు మీరు. తర్వాత లారీ వస్తే కూరగాయలు దించుకోడానికి వెళ్లారు."

నాకు ఆ లారీ గుర్తుంది. టమాటాలు సగం చితికిపోయి వచ్చాయని డ్రైవరుతో అరగంట తగువు పెట్టుకున్నాను.

"మరి పద్దెనిమిదేళ్లు నోరెత్తలేదేం?"

"మీరు ఎత్తనిస్తేగా" అన్నాడు.

ఆ తర్వాత నేను గుప్పెడు వేయలేదు. చేతులు దురద పెట్టేవి, నోరు ఊరేది, మాంసం దించే వేళకు వెళ్లి పెరట్లో నిలబడేదాన్ని. నాలుగు రోజులు ఎవరైనా కిటికీ దగ్గరికి వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు. నేను లేకపోతే వంట చెడుతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను కదా, చెడలేదు. కాస్త ఉడుక్కున్నాను. అయినా ఆపరేషన్ తర్వాత రెండు నెలలు సెలవు పెట్టాలి, ఆ దిగులూ తీరింది.

మొదటి వారం ఎనభై రెండు. నర్సు రాసిన ఎనభై మూడు కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది, నేను పక్కనే నిలబడి రాయించాను. రెండో వారం ఎనభై ఒకటి. మూడో వారం ఎనభై దాటి నాలుగు వందల గ్రాములు, ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు, అదీ మంచికే అయింది. నెలాఖరున ఎక్కినప్పుడు కళ్లు మూసుకున్నాను.

"డెబ్బై తొమ్మిదీ ఆరు వందలు" అంది నర్సు. ఆ నాలుగు నెలల్లో, ఆ ఏడు వారాల్లో, ఆవిడ నవ్వగా చూడటం అదే. డాక్టరు మళ్లీ ఒకసారి ఎక్కించి, కాగితం మీద సంతకం పెట్టి, పరీక్షలకు తేదీ రాశాడు.

వరండాలో మరదలు లేచి నిలబడింది. నా మొహం చూసి తనకు అర్థమైపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది."

"నీ మొగుడు కదమ్మా, అడగకుండా ఎలా ఉంటావు? నాకు నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను" అన్నాను. తను నా భుజం మీద తల పెట్టుకుంది. తను అంత దగ్గరగా నా పక్కన నిలబడటం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

లోపల తమ్ముడు దుప్పటి గుండెల దాకా లాక్కుని పడుకున్నాడు. పక్కన యంత్రం తిరుగుతోంది. స్టూలు లాక్కుని కూర్చుని అంకె చెప్పాను, తేదీ చెప్పాను. ఇక "పోనీలే అక్కా" అంటాడని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధం చేసుకునే వెళ్లాను.

వాడు పైకప్పు కేసి చూస్తున్నాడు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, యంత్రానికి కలిపిన చెయ్యి కదపకూడదు కాబట్టి తుడుచుకోలేదు.

"అక్కా, నాకు బతకాలనుంది" అన్నాడు.

నేను సిద్ధం చేసుకున్న జవాబు దీనికి పనికిరాలేదు. "మరి ఏడు నెలలుగా పోనీలే, పోనీలే అన్నావేంట్రా?"

"అడిగితే నువ్వు కాదనలేవు. నీకు నీగా ఇవ్వాలనిపించాలని."

కొంగుతో వాడి మొహం తుడిచాను, నాదీ తుడుచుకున్నాను. తర్వాత యంత్రం ఆగేదాకా అక్కడే కూర్చుని వాణ్ణి తిట్టాను. వాడు ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా, పడుకుని వింటూనే ఉన్నాడు.