చప్పుడు లేని ఈత

యాకయ్య వరంగల్ ధాన్యం మార్కెట్‌లో హమాలీ. హసన్‌పర్తి చెరువు నిండిన ఏడల్లా దసరా మరునాడు అక్కడ ఈత పందెం పెట్టేవారు. అది యాకయ్య అత్తగారి ఊరు. నాలుగుసార్లు అతనే గెలిచాడు. నీళ్ళను తన్నుకుంటూ, చరుచుకుంటూ పోయే అతని ఈత కట్ట మీద కూర్చున్నవాళ్ళందరికీ వినిపించేది.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటి ఎండాకాలంలో అతనికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేసింది. పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉన్నాడు. ఆరు నెలలు బస్తా ముట్టొద్దన్నాడు డాక్టరు. ఈదొచ్చా అని అడిగితే, "ఈదు. కాని ఆయాసం రానంత మెల్లగా," అన్నాడు.

వానలు పడ్డాక భార్య పూలమ్మ అతన్ని పుట్టింటికి తీసుకుపోయింది. ఆమె అన్న మొగిలయ్య పొలంలో మెట్లబావి ఉంది. యాకయ్య అందులో దిగి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా ఈదబోయాడు. నాలుగు బారలు వేయకముందే నడుము కిందికి జారింది, కాళ్ళు మునిగాయి, నోట్లోకి నీళ్ళు వచ్చాయి. భయపడి గబగబా కొట్టుకుంటూ గోడ అందుకున్నాడు. రొమ్ములో మంట. మూడు రోజులూ ఇదే తంతు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు.

మెట్ల మీద బట్టలు పిండుతున్న పూలమ్మ మూడో రోజు నోరు విప్పింది.

"నీ ఒంట్ల తాకత్ లేక కాదు. నువ్వు ఉర్కుడే నేర్సినవ్, నడ్సుడు నేర్వలే."

"ఈతల నడ్సుడేంది?"

"జోరుగ పోతె ఆ జోరే నిన్ను తేలుస్తది. మెల్లగ పోయినప్పుడు నువ్వే సక్కగుండాలె. నువ్వేమొ తల పైకెత్తుతానవ్. తల లేస్తె కాళ్ళు మునగవా?"

ఆమె చీర బిగించి నీళ్ళలోకి దిగింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆమె ఈదడం అతను చూడలేదు. చిన్నప్పుడు తల్లి చిలుకమ్మతో కలిసి చెరువులో తామరాకులు కోసి హోటళ్ళకు అమ్మేదని మాత్రం విన్నాడు. పూలమ్మ ముఖం నీళ్ళలో పెట్టి, ఒక చేయి ముందుకు చాచి అలాగే కాసేపు సాగింది. ఆ తర్వాతే రెండో చేయి కదిలింది. మడమలు నీటిపైనే తేలి ఉన్నాయి. బావిలో చప్పుడే లేదు.

"దమ్ము బిగవట్టకు. నీళ్ళలనే ఇడ్సిపెట్టు, పక్కకు తిరిగి తీస్కో. చెయ్యి పూరా చాపినంక జర ఆగు," అంది.

హమాలీకి ఆగడమే కష్టం. చేయి చాచగానే లాగాలనిపించేది. లాగితే దమ్ము అందేది కాదు. పది రోజులకు అరగంట ఈదినా ఆయాసం రాలేదు. ఒక్కోసారి మనసు ఎటో పోయి మళ్ళీ తల లేచేది. మెట్ల మీద నుంచి పూలమ్మ, "కాళ్ళు," అనేది. అంతే.

ఆ ఏడు అతను పందెంలో దిగలేదు. పందెం అయిన వారానికి, ఒక పొద్దున ఇద్దరూ చెరువు దాటుదామని బయలుదేరారు. అవతలి ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగా పూలమ్మ ఆగిపోయింది.

"పిక్క పట్టుకున్నదయ్యా. కాలు కదుల్తలేదు."

"నా భుజం పట్టుకో. మెడ పట్టకు."

ఆమె బరువు మీద పడగానే అతనికి పాత అలవాటు వచ్చేసింది. ఒడ్డు వైపు బలంగా నాలుగు బారలు లాగాడు. కాళ్ళు దిగిపోయాయి. ఇద్దరూ నీళ్ళు మింగారు. ఇలాగైతే ఇద్దరమూ పోతామని అతనికి అర్థమైంది. ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి మెల్లగా వదిలాడు. నడుము పైకి తేలేదాకా ఓపిక పట్టాడు. చేతులు నీళ్ళలోనే చాచి, ఒక్కో బార వేసి ఆగుతూ, మళ్ళీ వేస్తూ పోయాడు. ఒడ్డు ఎంతకీ దగ్గరవుతున్నట్టు లేదు. అయినా తల ఎత్తి చూడలేదు. భుజం మీద ఆమె చేయి బిగుసుకోవడం, మెల్లగా వదులు కావడం మాత్రం తెలుస్తూ ఉంది.

వేళ్ళకు బురద తగిలింది. ఆమెను తుంగలో కూర్చోబెట్టి, పిక్క మీద అరచేతులతో రుద్దాడు.

"బాగ భయపడ్డవా?" అని అడిగింది.

"మొదాల భయపడ్డ. తర్వాత యాదికి రాలే."

తిరిగి ఈదే ఆలోచన మానుకొని, తడి బట్టలతోనే కట్ట ఎక్కారు. ఆమె కుంటుతూ ఉంటే అటుగా వస్తున్న ఆ ఊరి రైతు పోశయ్య తన గడ్డిబండి ఆపి ఎక్కించుకున్నాడు.

"పందెంల కానరాలేదేంది అల్లుడా? పానం బాగలేదా?" అన్నాడు.

"బాగనె ఉన్న బాపూ. ఇంక పందెం ఈదబుద్ధయితలేదు."

పూలమ్మ కాలు చాపి గడ్డికి ఆనుకొని కొంగు పిండుకుంది. మామూలప్పుడైతే ఎడ్లను అదిలించే పోశయ్య, ఆమె కాలు చూసి బండిని నెమ్మదిగా తోలాడు.