నాలుగు బటన్ల ఓటు

"పెద్ద గిన్నె నిండ పోహాలు చెయ్యి సుభా, మీద పోసే తర్రి పులుసు జర ఎర్రగుండాలె. బూత్ కాడ టేబులేసినం, పోరలందరు ఆడనే తింటరు" అన్నాడు తిరుపతి చొక్కా గుండీలు పెట్టుకుంటూ. గడప దాటినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఆఁ, ఓటు! నాలుగు బటన్లొత్తాలె. నాలుగిట్ల ఇస్త్రీ పెట్టె గుర్తే ఒత్తు. ఏం ఆలోచించకు."

సుభాషిణి తడిపిన అటుకుల్లో పసుపు కలుపుతూ నవ్వుకుంది. ఆలోచించకు! పెళ్లయి మంచిర్యాల నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చిన నాటి నుంచి ఆ మాట ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. కుట్టుమిషన్ కొనుక్కుంటానంటే "అదంత నేను సూసుకుంట, ఆలోచించకు." తల్లిని చూసొస్తానంటే "ఎండకాలం పోదాం తియ్, ఆలోచించకు." ప్రేమగానే అంటాడు, అదే చిక్కు. కోపంగా అంటే తిరగబడొచ్చు. ప్రేమగా అంటే వెళ్లి అటుకులు తడపాలి. ఇంతమందికి పోహాలు చేయగలవా అని ఆమెను అడిగిందెవరు? "మా ఆమె చేస్తది" అని గనిలో తోటి పార్టీవాళ్ల ముందు మాటిచ్చేశాడు. అదే నోటితో "మా ఇంట్ల ఓట్లన్ని మీయే" అని కూడా. పోహాలూ ఓట్లూ ఒకే గంటెతో వడ్డించేశాడు మహానుభావుడు.

ఆమె మాత్రం నెల రోజులుగా ఆలోచిస్తూనే ఉంది. ఢిల్లీకి ఎవరు పోవాలో, ముంబైకి ఎవరు పోవాలో తిరుపతికే ఎక్కువ తెలుసేమో, ఒప్పుకుంటుంది. ఇది ఊరి కార్పొరేషన్ ఓటు. నల్లా ఎప్పుడొస్తుందో, మోరీ ఎప్పుడు పొంగుతుందో, చెత్తబండి గంట వినగానే కొంగు దోపి పరుగెత్తేదెవరో, ఆరేసిన బట్టల మీద బొగ్గుదుమ్ము దులిపేదెవరో తిరుపతికేం తెలుసు? ఈ ఓటు అచ్చంగా తన పని మీద ఓటు. గుర్తు చూస్తే ఇస్త్రీ పెట్టె! ఆ ఇంట్లో దాన్ని ముట్టుకునేదీ తనే.

పైగా వచ్చిన అభ్యర్థులందరికీ చాయ్ పోసింది తనే. వంటింటి గుమ్మం నుంచి మనుషులు బాగా కనిపిస్తారు. ఇస్త్రీ పెట్టె ప్యానెల్ పెద్దమనిషి చెప్పులు చేతపట్టుకుని, పొంగిన మోరీని దాటి వచ్చి, మరాఠీలో వదినను పిలిచినట్టు "వహినీ, శక్కర జర తక్కువైంది" అన్నాడు. మోరీ ఊసే ఎత్తలేదు. అదే ప్యానెల్‌లోని కోమల నల్లా కింద చెయ్యి పెట్టి "అక్కా, నీళ్లు గీ రంగున్నయేంది!" అని నిలబడిపోయింది. ఏ పార్టీ అండా లేకుండా నిలబడ్డ హేమలతైతే చాయ్ తాగి, తన కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లింది. ఆ రోజు సుభాషిణికి కళ్లు చెమర్చాయి. ఒక్క కప్పుకే!

వంట దించి, గిన్నె పంపించి, అంట్లు తోమి, అత్త రుక్కమ్మను వెంటబెట్టుకుని ఓట్లేసే బడికి బయలుదేరేసరికి ఎండెక్కింది. దూరంగా టేబుల్ దగ్గర తిరుపతి, మూతికి తర్రి అంటుకుని ఉండగానే నాలుగు వేళ్లు ఎత్తి చూపించాడు. ఓటు రహస్యమే, ముఖం కాదు. అబద్ధమాడితే ఆమె చెవులు కాలిపోతాయి, ఎర్రబడతాయి. పెళ్లయిన కొత్తలోనే తిరుపతి ఆ సంగతి కనిపెట్టాడు. ఇన్నేళ్లూ అందుకే ఆయన చెప్పిందే వేసింది. వేసిన ప్రతిసారీ సిరా చుక్క చూసుకుంటే ఆ వేలు ఎవరిదో అనిపించేది.

ముందు రుక్కమ్మ వెళ్లి, క్షణంలో చీర సర్దుకుంటూ తిరిగొచ్చింది. "ఆజీ, అజూన్ తీన్ బాకీ!" అని కేకేశాడు మిషను దగ్గరి సారు. వార్డుకు నలుగురు సభ్యులు, నాలుగు బటన్లూ ఒత్తితేగానీ మిషను కూత పెట్టదు. వరసంతా ఘొల్లుమంది. "ఇంక మూడున్నయా?" అని రుక్కమ్మ సంబరంగా వెనక్కి వెళ్లి, ఈసారి తీరిగ్గా వచ్చింది.

తరువాత సుభాషిణి. అట్టల చాటున ఒక్కతే. ఇంట్లో ఎవరూ తొంగిచూడని చోటు ఇంత కూడా దొరకలేదు ఆమెకు. "వహినీ, లవ్‌కర్" అన్నాడు సారు. ఆమె తొందరపడలేదు. మరాఠీ అక్షరాలు కూడబలుక్కుంటూ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క పేరూ చదివింది. మొదటిది హేమలతకు. రెండోది కోమలకు. ఇస్త్రీ పెట్టె అయితేనేం, మొగుడి మీద పంతంతో మంచిమనిషిని కాదంటే అదీ మొగుడి ఓటే అవుతుంది. మూడోది ఎదుటి పార్టీ కుర్రాడికి, చెత్తబండి రాని రోజుల్లో తోపుడుబండి తెచ్చినవాడు. నాలుగోచోట ఎవరూ నచ్చలేదు. అందరినీ వద్దనే బటన్ ఉంది. సంజాయిషీ చెప్పుకోకుండా "వద్దు" అనడం ఆమెకు జన్మలో ఇదే మొదలు. ఒత్తింది. మిషను పొడుగ్గా కూసింది. ఆమెకు నవ్వాగలేదు.

"అమ్మా, నాలుగు ఇస్త్రీ పెట్టెకేనా?" టేబుల్ దగ్గర తిరుపతి ఆత్రంగా అడిగాడు.

"ఒకటి నువ్వు చెప్పినట్టే ఏసిన కొడకా" అంది రుక్కమ్మ. "తతిమ్మ మూడు బాకీ ఉన్నయన్నడు సారు. బాకీ ఉన్నయి నాయే గద! నాకు నచ్చినోళ్లకు ఏసుకున్న."

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. తిరుపతి భార్య వైపు తిరిగాడు. "మరి నువ్వు?"

'ఆఁ, అన్నీ ఇస్త్రీ పెట్టెకే' అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసింది.

"ఆలోచించి ఏసిన."

చెవులు తడుముకుంది. చల్లగా ఉన్నాయి.

తిరుపతి మూతికంటిన తర్రి తుడుచుకున్నాడు. "సరే తియ్. రేపు ఓట్ల లెక్కింపు. పోరలు పొద్దుగాల్నే ఇంటికొస్తరు, ఇంకో గిన్నె పోహాలు..." అన్నాడు.

"నువ్వు చెయ్యి" అంది సుభాషిణి, అత్త చెయ్యి పట్టుకుని నడుస్తూనే. "మేమిద్దరం టీవీ కాడ కూసొని లెక్క సూస్తం. ఉల్లిగడ్డలు కోసుడే గద, ఏం ఆలోచించకు."