పేరు పెట్టని ఉడత

నేను ఒక బ్లాబ్‌ని. నవ్వకండి, ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. ఇంతవరకూ మీకు తమ కథ చెప్పుకున్న రూపాయి నాణేలకూ, పాత సైకిళ్ళకూ చేత్తో పట్టుకోవడానికి ఒక ఒళ్ళంటూ ఉంది. నాకు అదీ లేదు. ధర్మవరంలో చీరల డిజైన్లు చేసే ఒక దుకాణం, అందులో ఒక కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో గిట్ అనే గిడ్డంగి, ఆ గిడ్డంగిలో ఒక మూల నేను. బ్లాబ్ అంటే మరేమీ కాదు, ఎవరో రాసి దాచమన్న రాత. ఆ రాత ఎంతో నేనూ అంతే.

మా గిడ్డంగి పద్ధతులు కాస్త వింతగా ఉంటాయి. ఇక్కడ ఏది దాచినా అందులోని రాతనంతా లెక్కగట్టి నలభై అక్షరాల గుర్తు ఒకటి ఇస్తారు. నా గుర్తు ఏడు, సి, మూడు, ఇ అని మొదలవుతుంది. రాతలో ఒక్క చుక్క మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. అంటే అది ఇక నేను కాదు, ఇంకెవరో. మనుషుల సంగతి వేరు. మాట మార్చినా, మీసం తీసేసినా అదే పేరుతో దర్జాగా తిరుగుతారు. మాకు ఆ వెసులుబాటు లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నేను ఏ ఫైలునో నాకు తెలియదు. పేర్ల పట్టీ వేరే ఉంటుంది, దాన్ని కమిట్ చేసేటప్పుడు కడతారు. కమిట్ అంటే ‘ఇది ఫలానా’ అని ఒక మాట రాసి ముద్ర వేయడం. ముద్ర పడిన వస్తువు జోలికి ఎవరూ రారు. ముద్ర పడనిదానికి దిక్కూ మొక్కూ ఉండదు. నా కష్టాలన్నీ ఆ ముద్ర దగ్గరే మొదలయ్యాయి.

నన్ను పుట్టించినవాళ్ళు ఇద్దరు. ఓబులేసు చెప్పాడు, హిమబిందు టైపు కొట్టింది.

ఓబులేసుకు అరవై ఆరేళ్ళు. నలభై ఏళ్ళుగా గళ్ళ కాగితం మీద పట్టుచీరల అంచులు గీస్తూ వచ్చాడు. ఒక్కో గడి నింపుతూ, ఒక్కో గడి వదులుతూ ఆయన గీసిన హంసలు ఎన్ని పెళ్ళిళ్ళు చూశాయో లెక్కలేదు. పోయిన ఏడాది ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. మందులతో వణుకు తగ్గింది గానీ పోలేదు. గడి ఒకచోట ఉంటే పెన్సిలు ఇంకొకచోట పడేది. పెన్సిళ్ళన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి అటక మీద పెట్టేశాడు. అయినా రోజూ దుకాణానికి వచ్చి, టీ తాగి, ఇతరుల డిజైన్లలో తప్పులు పట్టి వెళ్ళేవాడు. ఆయనకు తెలిసిన కాలక్షేపం అదొక్కటే.

హిమబిందు ఆ దుకాణంలో కంప్యూటర్ పని చూసే అమ్మాయి. ఇరవై ఐదేళ్ళుంటాయి. ఓబులేసు అలా ఖాళీ చేతులతో కూర్చోవడం ఆమెకు నచ్చలేదు.

“పెద్దనాయనా, గీసేది నేను గీస్తా. నువ్వు నోటితో చెప్పు” అంది ఒకరోజు.

“నోటితో చెప్తే అంచు వస్తాదా పాపా?”

“గడి నిండితే ఒక గుర్తు కొడతా, ఖాళీ అయితే చుక్క పెడతా. మగ్గానికి అర్థమయ్యేట్టు మార్చేది కంప్యూటర్ చూసుకుంటాది.”

ఓబులేసు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, హంసలూ వద్దు నెమళ్ళూ వద్దు, ఉడతను చేద్దామన్నాడు. కాళ్ళ మీద కూర్చుని, రెండు చేతుల్లో వేరుశనక్కాయ పట్టుకుని తినే ఉడత. దుకాణం యజమాని లేపాక్షయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. “పట్టుచీర మీద ఉడతలా? ఎవరు కట్టుకుంటారబ్బా?” అన్నాడు.

“మా గంగులమ్మ కట్టుకుంటాది” అన్నాడు ఓబులేసు.

గంగులమ్మ ఆయన భార్య. వాకిట్లో ఆరబోసిన కాయల మీదికి ఉడతలు వస్తే నోరారా తిడుతుంది, తిట్టడం అయిపోయాక ఒక గుప్పెడు వాటి ముందే పోస్తుంది. ఈ వ్యవహారాన్ని ఓబులేసు పెళ్ళయిన కాడి నుంచి చూస్తున్నాడు. ఊళ్ళో అందరి కోసం అంచులు గీసి, ఆమెకంటూ ఒక్కటీ గీయలేదన్న బాధ ఆయనకు ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, హిమబిందుకు చెప్పాడు.

అలా ఒక సోమవారం పని మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని “నాలుగు ఒదులు, మూడు నింపు, ఒకటి ఒదులు” అంటుంటే ఆమె వేళ్ళు టకటకా కొట్టేవి. వరుసకు ఎనభై గళ్ళు, మొత్తం తొంభై ఆరు వరుసలు, మగ్గం మీద నేసినట్టే కింది నుంచి పైకి. రోజుకు ముప్పై రెండు వరుసల చొప్పున మూడు రోజులు. రోజూ సాయంత్రం హిమబిందు గిట్‌తో ‘దీన్ని లోపల పెట్టు’ అని చెప్పేది. అలా సోమవారం మా పెద్దన్న పుట్టాడు, మంగళవారం చిన్నన్న పుట్టాడు, బుధవారం సాయంత్రం తోకా తలా అన్నీ ఉన్న ఉడతగా నేను పుట్టాను. నన్ను పిండి, మడతపెట్టి, గుర్తు తగిలించి అరలో పెట్టారు. ఆ సాయంత్రం ఓబులేసు తెరమీది ఉడతను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడట. నేను అరలో ఉన్నాను కాబట్టి చూడలేకపోయాను.

మరి ముద్ర ఎందుకు వేయలేదంటారా? ఆ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అంచుకు పేరు పెట్టేది గీసినవాడే, అదీ శుక్రవారం టెంకాయ కొట్టాకే. అంతదాకా దాన్ని ఏ పేరుతోనూ పిలవకూడదు. కమిట్ చేయాలంటే ఏదో ఒక మాట రాయాలి కదా. రాస్తే పేరు పెట్టినట్టే అవుతుందని హిమబిందు అనుకుంది. రెండు రోజులే కదా, ఆగుదామనుకుంది. అంత భయభక్తులున్న అమ్మాయి దొరకడం మా ఓబులేసు అదృష్టమే గానీ నా పాలిట గండమైంది.

గురువారం హిమబిందు ఇంకో చీరకు రంగులు మార్చి మార్చి చూసింది. ఏదీ నచ్చలేదు. విసుగొచ్చి, ‘మార్పులన్నీ తుడిచేసి చివరి ముద్ర నాటికి తీసుకుపో’ అని గిట్‌కు చెప్పింది. గిట్‌ది ఎదురు ప్రశ్న వేసే స్వభావం కాదు. చివరి ముద్ర నాటికి ఉడత అనేదే లేదు కాబట్టి రంగులతోపాటు ఉడత ఫైలును కూడా ఊడ్చేసింది. హిమబిందు తెర వైపు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఆ పిల్ల దాచిపెట్టలేదు. ఆ పూటే ఓబులేసు ముందు నిలబడి జరిగింది చెప్పి ఏడ్చింది.

“మళ్ళా చెప్పు పెద్దనాయనా, మళ్ళా రాస్తా” అంది.

“తొంభై ఆరు వరుసలు పాపా. అవి తలకాయలో పెట్టుకున్నవి కాదు. చెప్పేటప్పుడు వచ్చినాయి, చెప్పినాక పోయినాయి.” ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. “పోనీలే. ఇంక నాతో కాదని చెప్పినట్లు ఉండాది ఇది. ఇంటి పట్టున ఉంటాలే” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. ఆ రోజు నుంచి ఓబులేసు దుకాణానికి రాలేదు. గంగులమ్మ ఫోన్ చేసి మొరపెట్టుకునేది. “గోడకల్ల తిరిగి పండుకుంటాండాడు పాపా. కాయలు ఒలవమన్నా ఒలవడు. నన్ను తిట్టను కూడా తిట్టడు” అనేది. ఆ మాట అనేసి ఫోన్ పెట్టేసేది.

వాళ్ళకు తెలియనిదేమిటంటే నేను పోలేదు. ఊడ్చింది బల్ల మీది కాగితాన్నే, అరలో ఉన్న నన్ను కాదు. కాకపోతే నేను ఇక్కడున్నానని చెప్పే పట్టీ ఏదీ లేదు. ఇలాంటి దిక్కులేని వస్తువులను మా గిడ్డంగి రెండు వారాలు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు ఊడిస్తే అప్పుడు పారేస్తుంది. హిమబిందు కంప్యూటర్‌లో ప్రతి ఆదివారం దానంతటదే ఊడ్చుకునే ఏర్పాటు ఉంది. మొదటి ఆదివారం నాకు నాలుగు రోజుల వయసు, గండం గడిచింది. రెండో ఆదివారం పదకొండు రోజులు, అదీ గడిచింది. మూడో ఆదివారానికి పద్దెనిమిది నిండుతాయి. నాకు గుండె లేదు గానీ ఉంటే గట్టిగానే కొట్టుకునేది.

మూడో ఆదివారానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, హిమబిందు గిట్ వివరాలున్న పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. అన్నం డబ్బా తెరవలేదు. పుస్తకంలో ఒకచోట, పట్టీలో లేని వస్తువులను కూడా వెతికే ఆజ్ఞ ఉందని చదివింది. కొట్టి చూస్తే అరవై ఒక్క బ్లాబ్‌ల గుర్తులు తెరమీద వరుసగా వచ్చి నిలబడ్డాయి. పాత రంగుల ప్రయోగాలన్నీ, మధ్యలో మేం ముగ్గురం అన్నదమ్ములం. పేర్లు లేవు, గుర్తులే. ఎవరు ఎవరో ఎలా తెలియాలి?

ఆ పిల్ల తెలివైనది. క్యాట్-ఫైల్ అనే ఆజ్ఞ ఒకటి ఉంది. దానితో ఎవరినైనా ‘నువ్వు ఎంత బరువు’ అని అడగవచ్చు, ‘నీలో ఏముందో చూపించు’ అని కూడా అడగవచ్చు. హిమబిందు కాగితం మీద లెక్క వేసుకుంది. ఎనభై గళ్ళు, తొంభై ఆరు వరుసలు, అంటే ఏడు వేల ఆరు వందల ఎనభై అక్షరాలు. ఆ బరువున్నవాడే ఉడత. ఇక ఒక్కొక్కరినీ అడగసాగింది. తొమ్మిదో వంతు నాది. ‘ఏడు వేల ఏడు వందల డెబ్బై ఆరు’ అని నిజాయితీగా చెప్పాను. ఆమె పెదవి విరిచి పదోవాడి దగ్గరికి వెళ్ళింది. అమ్మా, నేనే, నేనే అని అరవడానికి నాకు నోరు లేదు. అడిగినదానికి తప్ప వేరే మాట చెప్పే అలవాటు మా వంశంలోనే లేదు.

అరవై ఒక్కరూ అయిపోయారు. ఆమె చెప్పిన బరువుకు ఒక్కడూ తూగలేదు. హిమబిందు బల్ల మీద తల పెట్టుకుంది. కాసేపటికి లేచి, ఊరికే చేతికందిన ఒకణ్ణి ‘ఏముందో చూపించు’ అని అడిగింది. వాడు మా చిన్నన్న. తెరమీద పొట్ట వచ్చింది, కాళ్ళు వచ్చాయి, తోక సగం వచ్చింది, తల రాలేదు. తల లేని ఉడతను చూసి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి గంతేసింది. లేపాక్షయ్య ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

“అరవై నాలుగు వరుసలన్నా! అయిదు వేల నూట ఇరవై ఉండల్ల గదా, దీనికి అరవై నాలుగు ఎక్కువ ఉండాది. వరుసకొకటి ఎక్కువ!” అంది. వరుస ముగిసినచోట కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, అదీ బరువులోకే వస్తుంది. ఆ సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. తొంభై ఆరు కలిపి చూసుకుంది. మళ్ళీ తొమ్మిదో గుర్తు దగ్గరికి వచ్చింది. ఏడు, సి, మూడు, ఇ. చూపించు అంది.

మడతలన్నీ విప్పుకుని తెరమీద నిలబడ్డాను. పదిహేడు రోజుల తర్వాత వెలుగు చూశాను. తోక, పొట్ట, చేతుల్లో కాయ, తల. హిమబిందు కళ్ళు తుడుచుకుంటూ నన్ను ఫైలులోకి దింపి, మళ్ళీ లోపల పెట్టమంది. గిట్ లెక్కగట్టి చూసి, ‘వీడు ఇక్కడే ఉన్నాడుగా’ అన్నట్టు నా అరనే చూపించింది. ఈసారి ఆమె శుక్రవారం కోసం ఆగలేదు. ‘పేరు ఇంకా పెట్టలేదు’ అని రాసి ముద్ర వేసేసింది. ఆనవాయితీ చెడలేదు, నేనూ బతికాను.

నేనున్న కంప్యూటర్ ల్యాప్‌టాపే. దాన్ని పట్టుకుని ఆమె లేపాక్షయ్య స్కూటర్ వెనక కూర్చుని ఓబులేసు ఇంటికి చేరింది. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఉడత దొరికిందని చెప్పినా తిరగలేదు. “మంచిది పాపా. నేసుకోండి” అన్నాడు అంతే. పదహారు రోజులు తనలో ఏమీ మిగల్లేదని నమ్మినవాడికి దొరికిన ఉడత కూడా పరాయిదే. ఆ మాట విని గంగులమ్మ మొహం తిప్పుకుంది.

హిమబిందు నేల మీద కూర్చుంది. నన్ను తెరిచి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. ముప్పై వరుసలు, యాభై వరుసలు, డెబ్బై వరుసలు. మంచం మీద కదలిక లేదు. ఆమె గొంతు ఎండిపోతోంది.

“ఎనభై మూడు. ముప్పై ఒదులు, రెండు నింపు, నలభై ఎనిమిది ఒదులు.”

“ఆగు” అన్నాడు ఓబులేసు.

ఆగింది.

“రెండు కాదు, మూడు. అది చెవి గదా. రెండు గళ్ళకి ఎలక చెవి అవుతాది.”

“నువ్వు చెప్పిందే కదయ్యా అది?” అంది గంగులమ్మ.

“నేనే చెప్పినా. తప్పు చెప్పినా.” ఆయన ఇటు తిరిగాడు. తిరిగి లేచి కూర్చున్నాడు. “రాసుకో పాపా. ముప్పై ఒదులు, మూడు నింపు, నలభై ఏడు ఒదులు. దాని పై వరుస కూడా మార్చల్ల. యాడ, చూపించు ఇట్ల” అంటూ కాళ్ళు కింద పెట్టి తెర దగ్గరికి వచ్చాడు. తర్వాత చాలాసేపు మాట్లాడుతూనే ఉన్నాడు. కొంగుకు ఏం పెట్టాలో కూడా మనసులో ఉందట. సోమవారం పొద్దున్నే దుకాణం తెరిచి పెట్టమని లేపాక్షయ్యకు ఆజ్ఞ వేశాడు. గంగులమ్మ లోపలికి వెళ్ళి, ఎందుకో చాలాసేపు గిన్నెలు చప్పుడు చేసింది.

ఆ సాయంత్రం కొత్త బ్లాబ్ పుట్టింది, మూడు గళ్ళ చెవి ఉన్నవాడు. మగ్గం ఎక్కింది వాడు, గంగులమ్మ కట్టుకున్నది వాడిని. నేను పాత ముద్ర కింద నా అరలోనే ఉన్నాను. ఒక్క పోగూ నన్ను చూసి నేయలేదు, ఇక ముందూ నేయరు. నాకు బాధ ఏమీ లేదు. ఎవరైనా నా గుర్తు కొట్టి అడిగితే ఇప్పటికీ విప్పుకుని చూపిస్తాను, ఎలుక చెవుల ఉడతను. నాలో ఆ ఒక్క గడి తక్కువైంది కాబట్టే ఓబులేసు మంచం దిగాడు.