అమ్మకు మిగిలిన మాట

మా అమ్మ అసిరమ్మకు దేవుడి సంగతి మొదట చెప్పింది, ఊళ్లూ ఆసుపత్రులూ తిరిగి వాక్యం చెప్పే రాణి అనే బైబిలు స్త్రీ. చెప్పింది అనడం కూడా సరికాదు. నాకు నాలుగేళ్లప్పుడు, నా తరవాత పుట్టిన తమ్ముడు రాజాంలో ఆసుపత్రిలో ఉండగా జ్వరంతో పోయాడు. అమ్మ ఇంటికి రానని ఆ వరండాలోనే కూర్చుండిపోయిందట. రాణి రోజూ వచ్చి అమ్మ చీర ఉతికి ఆరేసి, కాసేపు పక్కన కూర్చుని వెళ్లిపోయేదట. మూడో నాడు అమ్మే అడిగిందట, నువ్వెవరివి, నాకెందుకు చేస్తున్నావని.

మరుసటి ఏడు అమ్మ నాగావళిలో బాప్తిస్మం తీసుకుంది. పేరు మాత్రం మార్చుకోలేదు. గ్రామదేవత పేరుతో చర్చికి ఎలా వస్తావని ఎవరో అంటే, దేవుడు తనని ఆ పేరుతోనే పిలిచాడని చెప్పిందట.

మా నాన్న జగన్నాధం మారలేదు. వరి, గోగు పండించే రైతు ఆయన. ప్రతి శివరాత్రికీ శ్రీముఖలింగం వెళ్తాడు. ఆ రోజు ఆయన ఉపవాసానికి కావలసినవన్నీ అమ్మే అమర్చి పెట్టేది. ఆదివారం అమ్మని సైకిలు మీద చర్చి దగ్గర దింపేది ఆయనే. ఆరాధన అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చునేవాడు. ఈ విషయంలో వాళ్లిద్దరూ గొడవపడగా నేనెప్పుడూ వినలేదు.

ముప్పయ్యేళ్లకు పైగా చర్చి తుడిచి, చాపలు పరిచింది అమ్మే. ప్రభువు బల్ల మీద వేసే తెల్లగుడ్డని ఇంట్లో గుడ్డలతో కలపకుండా, విడిగా కొత్త నీళ్లు తోడి ఉతికేది. ఊళ్లో ఏ ఆడమనిషి చనిపోయినా స్నానం చేయించడానికి అమ్మని పిలిచేవారు. ఏ కులమని, ఏ మతమని అమ్మ అడిగేది కాదు. ఇక ప్రార్థనకి కూర్చుంటే ఓ పట్టాన లేచేది కాదు. పేరు పేరునా అందరినీ తలుచుకునేది. మోకాళ్ల నొప్పులున్న మా వీధి తాతమ్మ, కువైట్‌లో ఉన్న శివాజీ, పాలివ్వని గేదె, అమ్మతో మాట్లాడ్డం మానేసిన తోడికోడలు లక్ష్మణమ్మ, అందరూ ఆ ప్రార్థనలో ఉండేవారు. బడికి ఆలస్యమైపోతోందని నేను పక్కన నిలబడి విసుక్కునేదాన్ని.

రెండేళ్ల కిందట ఆషాఢంలో, ఒక శనివారం చర్చి గచ్చు కడుగుతూ అమ్మ పడిపోయింది. ముందు రాజాం, అక్కణ్ణించి శ్రీకాకుళం తీసుకెళ్లాం. ప్రాణం నిలిచింది గాని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయిందనుకున్నాం. నాలుగో రోజు నేను గంజి తాగుతావా అని అడిగితే, నోరు తెరిచి "నేదు" అంది. లేదు అనడానికి మా వైపు మాట అది. మాట వచ్చిందని నాన్న కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఒక్క మాటే వచ్చింది. ఆకలేస్తోందా అంటే గిన్నె దగ్గరికి లాక్కుంటూ "నేదు" అనేది. నన్ను పిలవాలన్నా అదే మాట. మనం అన్నవన్నీ ఆమెకు అర్థమవుతున్నాయని, చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చేసరికి ఆ మాటగా మారిపోతోందని డాక్టరు చెప్పాడు. బాగవుతుందా అని అడిగితే, చూద్దాం అన్నాడు. నేను కొత్తవలసలో మా ఆయన్నీ పిల్లల్నీ వదిలి అమ్మ దగ్గరికి వచ్చేశాను.

మొదట్లో చాలామంది వచ్చేవారు. ఒక సాయంత్రం తాతమ్మ తన కోడలు దుర్గాభవానిని తీసుకొచ్చింది. ఆ పిల్లకి నెలలు నిండాయి. ఆసుపత్రిలో చేరేముందు అమ్మ చేత ప్రార్థన చేయించుకుని వెళ్లడం మా వీధిలో అలవాటు. నేను వద్దని చెప్పేలోపే దుర్గాభవాని మంచం పక్కన తల వంచుకుని కూర్చుంది. అమ్మ ఎడం చెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టింది. కళ్లు మూసుకుంది.

"నేదు... నేదు... నేదు..."

దుర్గాభవాని చటుక్కున తల వెనక్కి తీసుకుంది. అర్థం అది కాదని నేను ఎంత చెబుతున్నా వినకుండా, తాతమ్మ కోడల్ని లేవదీసుకుని వెళ్లిపోయింది. అమ్మ చెయ్యి కాసేపు అలా గాలిలోనే ఉండిపోయింది. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారని వారం తరవాత ఎవరి నోటో విన్నాం. వాళ్లు మాత్రం రాలేదు. మెల్లగా మిగతావాళ్లూ రావడం తగ్గించారు.

పొద్దున్నే అమ్మ ప్రార్థన చేసుకునే వేళకి నాన్న మంచం పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయనకి బైబిలు చదవడం రాదు. కానీ అన్నేళ్లుగా రోజూ వినీ వినీ అమ్మ ప్రార్థన ఆయనకి నోటికొచ్చేసింది. విభూతి పెట్టుకున్న నుదుటితోనే చేతులు కట్టుకుని, "పెబువా, తాతమ్మ మోకాళ్లు సూడు, కువైట్‌ల శివాజీని సూడు" అని ఆమె మాటల్నే వరసగా అప్పజెప్పేవాడు. మధ్యలో అమ్మ "నేదు" అంటే ఆగిపోయేవాడు. ఏ పేరు మరిచాడో, ఎక్కడ తప్పు పలికాడో, అసలు ఆయన ప్రార్థించడమే ఆమెకి ఇష్టం లేదో తెలిసేది కాదు. నావైపు చూసేవాడు. నాకూ తెలిసేది కాదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు.

క్రిస్మస్ ముందు ఆదివారం, చక్రాల కుర్చీలో అమ్మని చర్చికి తీసుకెళ్లాను. అమ్మ ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. పాట అందుకోగానే అమ్మ కూడా గొంతు కలిపింది. రాగం ఎక్కడా తప్పలేదు. ఎత్తుకోవలసిన చోట ఎత్తుకుంది, దించవలసిన చోట దించింది. కానీ మాటలన్నీ నేదు, నేదు, నేదు. ముందు వరసల్లో పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పాడడం ఆపేశారు. చివరికి అమ్మ గొంతు ఒక్కటే వినిపించింది.

నేను అమ్మ నోటి మీద చెయ్యి పెట్టాను.

గట్టిగా కాదు. అయినా పెట్టాను. నా అరచేతి కింద ఆమె పెదవులు ఆగిపోయాయి. ఆ తరవాతి ఆదివారం చీర మార్చబోతే ముఖం గోడవైపు తిప్పేసుకుంది. నేను కాళ్లు పట్టుకున్నాను, చర్చికి రమ్మని బతిమాలాను. "నేదు" అంది. ఆ రోజు ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలిసింది. ఇక ఎప్పుడూ చర్చికి రాలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, జావ తాగిస్తుండగా అమ్మ ప్రాణం పోయింది. స్నానం నేనే చేయించాను. ఆమె అందరికీ ఎలా చేయించేదో నాకు సగమే గుర్తుంది.

ఏడాది తిరిగాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గంగరాజు అయ్యగారు మంచి మనిషి. అసిరమ్మ గారు చివరి శ్వాస దాకా ప్రభువుని ఎలా స్తుతించారో మీరు నాలుగు మాటలు చెప్తే విశ్వాసులకి బలంగా ఉంటుందని ముందురోజు అడిగారు. సరేనన్నాను. కాగితం మీద రాసుకున్నాను కూడా.

మైకు ముందు నిలబడ్డాక ఆ కాగితం చదవలేకపోయాను. చివరి నెలల్లో అమ్మ దేవుడితో ఏమందో నాకు తెలియదని చెప్పాను. ఆమెకి నమ్మకం మిగిలిందో లేదో కూడా తెలియదని, ఆమె ఇక్కడ పాడుతుంటే నేనే నోరు మూశానని చెప్పాను. తరవాత క్షమించమని అడిగితే, ఆమె ఇచ్చిన జవాబు క్షమాపణో కాదో తెలుసుకునే దారి లేకపోయిందని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు బైబిలు తెరిచి వాక్యం చదివారు. భోజనాల దగ్గర సంఘపెద్ద ఎల్లాజీ భార్య నన్ను పక్కకి పిలిచింది.

"అలాటివి అక్కడ సెప్పాలేటమ్మా? అందరికీ మనసు పాడైపోనాది."

నాన్న ఎప్పటిలాగే అరుగు మీదే కూర్చున్నాడు. మైకు కాబట్టి అంతా విన్నాడు. ఇంటికి నడుస్తూ గోగుచేలు దాటాక అన్నాడు.

"ఆ దినం నువ్వు మీయమ్మ నోరు మూసినావని నాకు తెలుసు. కిటికీలోంచి సూసినాను."

నేను తల ఎత్తలేదు.

"అందరూ నవ్వతంటే నాకూ పేనం ఒప్పనేదు. పక్కనుంటే నేనూ అదే సేద్దును."

ఎండ బాగా ఎక్కింది. నాన్న కండువా తీసి నా తల మీద వేసి, ముందుకు నడిచాడు.