పార్లర్ ముందు మట్టి

అపార్ట్‌మెంటు కింది అంతస్తులో బ్యూటీ పార్లర్ నడిపే కోడలికీ, అదే అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడైన మామగారికీ సిమెంటు దగ్గర చెడింది.

భవనం చుట్టూ మట్టేనని, కార్లకు బురద అంటుతోందని, ఆయన దగ్గరుండి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోయించారు. అద్దంలా ఉందని నలుగురూ మెచ్చుకుంటే పొంగిపోయారు. తొలి పెద్దవానకే నీళ్లు ఇంకే దారి లేక పార్లర్లోకి వచ్చిపడ్డాయి. కుర్చీల కాళ్లు మునిగాయి. మోటారు పెట్టి తోడుకోమన్నారు మామగారు. తోడి తోడి విసుగెత్తిన కోడలు ఒకనాడు గునపం అద్దెకు తెచ్చి, పార్లర్ ముందున్న సిమెంటును పెచ్చులు పెచ్చులుగా లేపేసింది. వాననీరు అటే వాలేలా మట్టిని పల్లంగా తవ్వి, కంకర పరిచి, తుంగా మెట్టతామరా నాటింది.

మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఇంటి కోడలే పరువు తీసిందని సమావేశం పెట్టి, ఆ గుంట పూడ్చి మళ్లీ సిమెంటు పోయాలని తీర్మానం చేయించారు. ఇద్దరి మధ్యా నలిగిన భర్త, ఈ ఒక్కసారికి సర్దుకోమన్నాడు. సర్దడానికి తానేమీ సామాను కాదందామె.

తాపీమేస్త్రీ బస్తాలతో వచ్చేసరికి పార్లర్ కుర్చీ గుంటలో ఉంది. పై అంతస్తు టీచరమ్మ మెడకు గుడ్డ కట్టుకుని అందులో కూర్చుని ఉంది. జుట్టు సగమే కత్తిరించి ఉంది.

"కాస్త లేవండమ్మా, వీళ్లకి పనుంది" అన్నారు మామగారు.

"నాకూ పనుంది మామయ్యా" అంది కోడలు, కత్తెర ఆపకుండా. "ఈవిడదయ్యాక అత్తయ్యకి రంగెయ్యాలి."

మెట్ల మీద అత్తగారు భుజాన తువ్వాలుతో తయారుగా ఉన్నారు. మామగారి వంక చూడనైనా చూడలేదు.

ఆడవాళ్ల కాళ్ల మీద సిమెంటు పోయడం తనవల్ల కాదని మేస్త్రీ బస్తాలు తిరిగి బండికెక్కించాడు.

ఆ వారంలోనే వాన దంచికొట్టింది. ముందువైపు నీళ్లు గుంటలోకి చేరి, మెల్లగా నేలలోకి దిగిపోయాయి. పార్లర్ గడప తడవలేదు. వెనకవైపు సిమెంటు మీద నిలిచిన నీళ్లు మాత్రం మీటర్ల గదిలోకి ఎక్కి, భవనమంతా కరెంటు పోయింది.

మామగారు తప్పు ఒప్పుకోలేదు. మర్నాడు పార్లర్‌కి వచ్చి, పోనీలే, ఆ గుంట ఒక్కటీ ఉంచుకోమన్నారు, వరమిస్తున్నట్టు.

"ఉంచుకుంటాను. ఇవాళ వెనకవైపు కూడా తవ్వుతున్నాం, మీ కారు తీయండి" అంది కోడలు.

ఆయన కదల్లేదు. అక్కడే ఉన్న అత్తగారు ఇంట్లోకి వెళ్లి, కారు తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.