నాలుగోసారి చాచిన చెంచా

పికప్ బండిలో నా పక్కన కూర్చున్న రేలీన్ ఆవలించింది. నా కూతురి నాలుక మీద నీలం మరక కనిపించింది.

బండి వేగం తగ్గించాను. వెనక బకెట్ల నిండా సాస్కటూన్ పళ్ళు, పొదల్లో కాసే చిన్న నీలం పళ్ళు; సాయంత్రం ఇంట్లో విందు. పోయినేడు ఇవే పళ్ళు పండే రోజుల్లో రేలీన్ పెద్దమనిషైంది. మా అనిషినాబే ఆదివాసుల ఆచారం ప్రకారం అప్పటి నుంచి ఏడాదిపాటు పొదల్లో కాసే ఏ పండూ నోట పెట్టకూడదు. పాపం, తన పుట్టినరోజు కేకు మీద జామ్ ఉందని ఆ కేకే ముట్టుకోలేదు. మధ్యలో ఒక్క పండు తిన్నా ఏడాది మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ సాయంత్రం అమ్మమ్మ చేతి పండుతో ఆ నియమం తీరాలి.

మా అమ్మను ఆ వయసులో సర్కారువాళ్ళు ఇంటి నుంచి లాక్కుపోయి హాస్టల్ బడిలో పడేశారు. తనకు దక్కనిది నాకెలా ఇస్తుంది? మా ఇంట్లో రేలీనే మొదలు. ఇప్పుడేమో అమ్మకు గుండె జబ్బు, ఆపరేషన్ వద్దంటుంది. "పిల్ల విందు చూస్తే చాలు, ఆ తర్వాత కోతలెందుకు నాకు" అని చలికాలమంతా అదే పాట. వింటుంటే ఒళ్ళు మండిపోయేది.

"ఎన్ని తిన్నావే?"

రేలీన్ కిటికీ వైపు తిరిగింది. "ఒక్కటే. తినాలని కాదమ్మా. కోస్తా కోస్తా ఉంటే నోట్లోకెళ్ళిపోయింది."

నిజమే అయ్యుంటుంది. నడుముకు బకెట్ కట్టుకుని రెండు చేతులా గుత్తులు దూస్తుంటే, మధ్యలో ఒక పండు నోట్లో పడడం మాకు పసితనం నుంచీ అలవాటు. ఏడాదంతా మనసును కట్టేసుకుంది గానీ చేతిని మర్చిపోయింది.

"ఇంటికెళ్ళగానే టీ తాగి నోరు కడుక్కో."

"మరి అమ్మమ్మకి?"

"ఏం చెప్పక్కర్లేదు."

రేలీన్ వెనక బకెట్ల వైపు చూసింది. చెప్పేస్తుందేమోనని, ఇంకో ఏడాదికి అమ్మ ఉంటుందో లేదోనని నాకు భయం పట్టుకుంది.

ఇంట్లో ఒక్కచోట నిలవలేకపోయాను. ఏరిన పళ్ళనే మళ్ళీ ఏరాను. ఈసారి పూత మీద మంచు పడి, సరస్సు ఒడ్డున ఉన్న పొదలు తప్ప ఏవీ కాయలేదు. ఆ పొదల్లో ముసలి కొమ్మలు ఏటా నరికి కొత్త చిగుళ్ళకు చోటిచ్చింది మా అమ్మే. ఆ పళ్ళను చక్కెరతో పొయ్యి మీద పెట్టి, తలుపు దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ వెళ్ళాను.

"ఏంటే వెర్నా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" రొట్టెల పిండి పిసుకుతూ అమ్మ అడిగింది. "పళ్ళకంటే నువ్వే ఎక్కువ ఉడుకుతున్నావు."

"ఏం లేదులే."

"ఏం లేకపోతే అవి మాడుతున్నాయి, కలుపు."

సాయంత్రం చుట్టాలంతా చుట్టూ కూర్చున్నారు. అమ్మ చెంచాలో ఒక పండు తీసి రేలీన్ ముందు చాచింది. మూడుసార్లు ఒక్కొక్కరి కోసం మొక్కుకుని కాదనాలి, నాలుగోసారి తినాలి, అది పద్ధతి.

"మన పసిపిల్లల కోసం, వద్దు" అంది రేలీన్.

"జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం, వద్దు."

"ఇంటికి తిరిగి రానివాళ్ళ కోసం, వద్దు."

అమ్మ నాలుగోసారి చెంచా చాచింది. తినవే, తినేసెయ్యవే అని లోపల్లోపల మొత్తుకున్నాను.

"వద్దమ్మమ్మా" అంది రేలీన్. "పొద్దున పొదల దగ్గర ఒకటి తినేశాను."

నేను నేల చూపులు చూశాను. అమ్మ నావైపు ఒకసారి చూసింది, నా తిరుగుడంతా ఆమెకు అర్థమైపోయింది. చెంచాను గిన్నెలో పెట్టేసింది.

"అంటే నన్ను ఇంకో ఏడాది బతకమంటావన్నమాట."

రేలీన్ ఏడుస్తూనే తలూపింది.

"ఎంత మొండిఘటానివే!" అమ్మ దాని బుగ్గలు తన చేతులతో తుడిచింది. "ఊఁ, ఏడుపాపి అందరికీ వడ్డించు. చల్లారిపోతోంది." తర్వాత నావైపు తిరిగింది. "వెర్నా, రేపు ఆ డాక్టరుకి ఫోన్ చెయ్. కోత ఎప్పుడు పెట్టుకుంటాడో కనుక్కో."