హాస్టల్ పొయ్యి మీద సదస్సు భోజనం

సదస్సుకు వచ్చేవాళ్లకి మధ్యాహ్న భోజనం మన హాస్టల్లోనే అని కబురు వచ్చిన రోజున సామ్యూల్ నవ్వాడు. వంటమనిషి శ్యామలమ్మ అది చూసి భయపడింది.

"ఏంది సారూ, పానం మంచిగ లేదా?" అంది.

బోయిగూడలో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్‌కి సామ్యూల్ మేనేజరు. రేపల్లె పక్క పల్లెటూళ్లో మిషన్ బడిలో చదువుకున్నవాడు. భార్య సువార్త పోయాక నవ్వులూ పలకరింపులూ ఇంటికి అనవసరం అనుకుని వదిలేశాడు. ఎవరైనా ఓదార్చడానికి వస్తే, వచ్చిన పని అయిందా అని అడిగేవాడు.

సువార్త అదే హాస్టల్‌కి వార్డెన్‌గా చేసింది. పెరట్లో ఉన్న గ్యాస్ ట్యాంకు ఆవిడ పట్టుబట్టి కట్టించిందే. పిల్లల మరుగుదొడ్ల నుంచి వచ్చేదీ, పక్క గల్లీ పాలవాళ్ల బర్రెల పేడా అందులోకి పోతాయి. నేలలో గుండ్రటి గుమ్మటం, దాని నెత్తిన ఇనుప గొట్టం, గొట్టం చివర వంటగదిలో పెద్ద పొయ్యి. ఆ సంగతి మొదటిసారి ఎత్తినప్పుడు హాస్టల్ కమిటీ పెద్దలు కుర్చీల్లో కూర్చునే ముక్కు మూసుకున్నారు. "ఇంకా కట్టనే లేదు, వాసన ఎక్కడిదండీ?" అని ఆవిడ మీటింగులోనే అడిగింది. పొయ్యి వెలిగిన ఏడాదికే కామెర్లు వచ్చి ఆవిడ పోయింది. సమాధి దగ్గర కమిటీ వాళ్లు ఆవిడ సేవల గురించి చాలాసేపు మాట్లాడారు. ట్యాంకు మాట ఒక్కడూ ఎత్తలేదు. సామ్యూల్ అది మరిచిపోలేదు. క్షమించనూ లేదు.

ఇప్పుడా గుమ్మటం పగిలింది. గ్యాస్ కారిపోతోంది, మంట రోజురోజుకీ చిన్నదైపోతోంది. మేస్త్రీ వీరయ్య చూసి, ఈ ఎండల్లో బాగుచేస్తే నిలుస్తుంది, వానలు పడ్డాక తన వల్ల కాదు అన్నాడు. బాగుచెయ్యాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ అంటే జకర్యా.

జకర్యా రైల్వేలో ఆఫీసరుగా రిటైరై చిలకలగూడలో ఇల్లు కట్టుకున్నాడు. చొక్కా ఇస్త్రీ నలగకుండా ఎంతసేపైనా కూర్చోగలడు. ట్యాంకు పూడ్పించి, ఆ చోటు చదును చేయించి, పెళ్లిళ్లకి అద్దెకివ్వాలని ఆయన ఆలోచన.

సామ్యూల్ ఆయన ఇంటికి పోయి నిలబడే చెప్పాడు. "సదస్సు దేని గురించో తెలుసా అండీ? సంప్రదాయేతర ఇంధన వనరులు. ఎండ, గాలి, పేడ. నాలుగు రాష్ట్రాల వాళ్లు వస్తున్నారు. మన పొయ్యి మీద వండి పెడదాం. గుమ్మం దగ్గర బోర్డు కూడా రాయిస్తాను."

"బోర్డా? ఏమని? మా పిల్లల మరుగుదొడ్డి గ్యాసుతో వండిన బగారా అన్నం అనా?"

"నిజమేగా."

"సామ్యూలూ, నిజాలన్నీ గోడకి తగిలించరయ్యా." జకర్యా కళ్లజోడు తుడుచుకుని బేరం పెట్టాడు. "అప్పటికప్పుడు అన్ని సిలిండర్లు మనకి ఎవడిస్తాడు గనక, నీ పొయ్యి మీదే వండించు. కానీ ఆ సంగతి నువ్వూ అనకూడదు, నీ మనుషులూ అనకూడదు. భోజనాలు సవ్యంగా జరిగితే వీరయ్యని పిలిపించుకో, నేను ఒప్పిస్తా. గొడవైందా, సోమవారం మట్టి లారీ వస్తుంది."

సామ్యూల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఒప్పుకున్నాడు.

హాస్టల్‌కి వచ్చి, ఎవరితోనూ అనొద్దని శ్యామలమ్మకి చెప్పాడు.

"నేనెందుకు చెప్త సారూ? బగారా ఎట్లుందని అడుగుతరు గని, మంట యాడికెల్లి వచ్చిందని ఎవలడుగుతరు?"

దేవకృపమ్మకీ చెప్పాడు. ఆవిడ హాస్టల్లోనే ఉంటూ పిల్లలకి బైబిలు వాక్యం చెప్పే ముసలావిడ. చూపు మందగించింది, గొంతు మందగించలేదు. "మనుషులతో నాకేం పని నాయనా" అంది.

ముందు రెండు రోజులు పిల్లలకి కట్టెల మీద వండించి గ్యాస్ ఆదా చేశాడు. శనివారం తెల్లవారకముందే పెద్ద పొయ్యి వెలిగించారు. మంట నీలంగా లేచింది. శ్యామలమ్మ అన్నం వండే పెద్ద డేగిశా ఎక్కించింది.

పదకొండింటికి, ఎంతమంది వస్తున్నారో కనుక్కుందామని సామ్యూల్ పెద్ద రోడ్డు మీద సదస్సు జరుగుతున్న హాలుకి వెళ్లాడు. గుమ్మం దగ్గర జ్ఞానశేఖర్ కనిపించాడు. సదస్సు ఏర్పాట్లన్నీ అతనివే. తిరుమలగిరి కుర్రాడు, చర్చిలో గిటారు వాయిస్తాడు. ఆ రోజు టై కట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఎనభై మంది అంకుల్. పక్కా. ఫుడ్ లేట్ అయితే నన్ను చంపేస్తారు."

లోపల ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. ప్రకృతిలో వ్యర్థం అనేదే లేదట. మనిషి పారేసేది ప్రతిదీ శక్తేనట. ఈ దేశం దాన్ని గుర్తించే రోజు రావాలట. హాలంతా చప్పట్లు. సామ్యూల్ చివరి వరసలో నిలబడి తనూ కొట్టాడు. ఆ చప్పట్ల మధ్య అతనికి ఒక్క క్షణం, బోర్డు రాయించాల్సింది అనిపించింది.

ఒంటిగంటకి అందరూ నడిచి వచ్చారు. పెరట్లో షామియానా కింద బల్లలు వేసి, బగారా అన్నం, మాంసం కూర, వంకాయ కూర, పెరుగు పచ్చడి, డబుల్ కా మీఠా వరసగా పెట్టారు. గుమ్మటం మీద జకర్యా ముందే తివాచీ కప్పించి, పూలకుండీలు పెట్టించాడు. పళ్లేలు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆకలిగా నిలబడ్డారు.

ఆ హాస్టల్లో ప్రార్థన లేకుండా ముద్ద ముట్టరు. జకర్యా కమిటీ పెద్దగా తనే రెండు ముక్కలు చెప్పి ముగించి ఉంటే సరిపోయేది. కానీ నాలుగు రాష్ట్రాల వాళ్ల ముందు హాస్టల్ భక్తి ఎలాంటిదో చూపించాలని ఆయనకి బుద్ధి పుట్టింది.

"మాలో వయసులో పెద్ద, దేవకృపమ్మగారు. అమ్మగారూ, మీరు ప్రార్థన చెయ్యండి."

దేవకృపమ్మ ప్రార్థన ఎలా ఉంటుందో హాస్టల్లో చీమకి కూడా తెలుసు. ఆవిడ దేన్నీ వదలదు.

"ప్రేమగల తండ్రీ," అని మొదలుపెట్టింది ఆవిడ, కొంగు తలమీదికి లాక్కుని. "దూరాభారం నుంచి నీ బిడ్డల్ని రైళ్లలో కాపాడి తెచ్చావు, స్తోత్రం. ఈ బియ్యం పండించిన చేతుల కోసం స్తోత్రం. వండిన శ్యామలమ్మ కోసం స్తోత్రం. ఆమె మోకాళ్ల నొప్పి నువ్వెరుగుదువు ప్రభువా, ముట్టి స్వస్థపరచు."

"ఆమేన్" అన్నాడు జకర్యా, గట్టిగా.

ఆవిడ ఆగలేదు. "ఈ పొయ్యి కోసం స్తోత్రం తండ్రీ. మా బిడ్డలు మరుగుదొడ్డిలో విసర్జించినదాన్ని సైతం నువ్వు వ్యర్థం కానివ్వకుండా, నిప్పుగా మార్చి, ఇదిగో ఈ పెద్దలందరి అన్నం ఉడికించావు. నీ పనులు ఎంత గొప్పవి ప్రభువా! ఆ పగిలిన గుమ్మటాన్ని నువ్వే బాగుచేయించు..."

కళ్లు మూసుకున్నవాళ్లందరూ తెరిచారు. ముందు తెలుగువాళ్లు వరసలోంచి పక్కకి జరిగారు. తర్వాత ఆ వార్త ఇంగ్లీషులోకి మారింది, అక్కడి నుంచి తమిళంలోకి, కన్నడంలోకి పోయింది. పోయిన చోటల్లా పళ్లేలు బల్లమీదికి దిగాయి. ఎవడో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని గోడవైపు నడిచాడు.

సామ్యూల్ దేవకృపమ్మ దగ్గరికి ఒక్క అంగలో పోయాడు. "ఎవరితోనూ అనొద్దని చెప్పానా లేదా అమ్మా?"

"మనుషులకి నేను చెప్పలేదు నాయనా. దేవుడికి చెప్పా." ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "ఆయన దగ్గర దాచమంటావా?"

జ్ఞానశేఖర్ పరిగెత్తుకొచ్చి సామ్యూల్ మోచెయ్యి పట్టుకున్నాడు. వెనకే జకర్యా.

"అంకుల్, ఏం కాలేదు. ఒక్క అనౌన్స్‌మెంట్. ఇవాళ వంట సిలిండర్ల మీద చేశామని చెప్పండి చాలు. ముసలావిడ రోజూ వంట సంగతి అనుకుందని చెప్పండి. ప్లీజ్ అంకుల్."

"చెప్పు సామ్యూలూ," అన్నాడు జకర్యా పళ్ల మధ్య నుంచి. "ఒక్క ముక్క. ఆ ముక్క చెప్పావా, వీరయ్యని రేపే పిలిపించుకో. ఇంకెప్పుడూ నీ ట్యాంకు జోలికి రాను. మాటిస్తున్నా."

జకర్యాలో ఎన్ని లోపాలున్నా ఇచ్చిన మాట తప్పేవాడు కాడు. అది సామ్యూల్‌కి తెలుసు. ఒక్క ముక్క చెబితే ట్యాంకు ఉంటుంది. ఉండి? రేపు ఇంకో భోజనం వస్తుంది, ఇంకోసారి తివాచీ కప్పాలి. పిల్లలకి కూడా దాచమని నేర్పాలి. సువార్త మీటింగులో నిలబడి ముక్కులు మూసుకున్నవాళ్ల మొహాన అడిగింది. ఆవిడ కట్టిన పొయ్యిని తను దొంగసరుకులా చెయ్యాలి.

చెయ్యి విడిపించుకుని వంటగది మెట్టెక్కాడు.

"అయ్యలారా, అమ్మలారా. ఆవిడ చెప్పింది నిజం. ఇవాళ వంట ఆ గ్యాసు మీదే జరిగింది. ఈ హాస్టల్లో రోజూ దానిమీదే జరుగుతుంది. గొట్టం చివర వచ్చేది మంట. అన్నంలో ఇంకేమీ లేదు. తినేవాళ్లు తినండి. తినలేనివాళ్లకి చివరి బల్లమీద అరటిపళ్లున్నాయి."

మెట్టు దిగి, గుమ్మటం మీది కుండీలు పక్కన పెట్టి, తివాచీ లాగేశాడు. పళ్లెం తీసుకుని అన్నం పెట్టుకుని, అక్కడే దాని గట్టుమీద కూర్చుని తిన్నాడు.

శ్యామలమ్మ గరిటె పట్టుకుని బల్ల వెనక నిలబడి ఉంది. "రండ్రి సారూ, రండ్రి! పొద్దుగాల నుంచి చప్పట్లు కొట్టి అలసిపోయిండ్రు గదా. జెర మాంసం ఏసుకోండ్రి!"

కోలారు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన గట్టిగా నవ్వి పళ్లెం చాపాడు. ఆయన వెనక ఇంకో అయిదారుగురు వచ్చారు. మిగతావాళ్లు అరటిపళ్ల దగ్గర గుమిగూడారు. పొద్దున వ్యర్థం లేదన్న పెద్దమనిషి రెండు పళ్లు తీసుకుని, తొక్కలు ఎక్కడ పారెయ్యాలా అని చుట్టూ చూస్తూ వెళ్లిపోయాడు.

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకి పండగైంది. డేగిశాల్లో అన్నం అడుగంటా గోకి తిన్నారు. "మన గ్యాసే పెద్దోళ్లని భయపెట్టిందంట!" అని ఒకతె అంటే తక్కినవాళ్లు బల్లలు చరిచి నవ్వారు.

జకర్యా వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. "సోమవారం" అన్నాడు.

"గుర్తుంది" అన్నాడు సామ్యూల్.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తిన్నగా వీరయ్య ఇంటికి పోయాడు. కమిటీ ఒప్పుకుందా అని వీరయ్య అడిగాడు. లేదన్నాడు. మరి కూలి ఎవరిస్తారని అడిగాడు. నేనే అన్నాడు. వీరయ్య తాపీ తీసి సంచిలో వేసుకున్నాడు.

సోమవారం పొద్దున లారీ నిజంగానే వచ్చింది. సన్నటి గల్లీలో అడ్డంగా ఆగి హారన్ కొట్టింది. దాని ముందు వచ్చిన ఆటోలోంచి జకర్యా దిగాడు. గేటుకి లోపలి నుంచి తాళం వేసి ఉంది. ఊచల వెనక సామ్యూల్.

"గేటు తియ్యి."

"తియ్యనండి."

"కమిటీ మాట కాదంటున్నావా?"

"అవునండి."

జవాబు అంత సూటిగా వస్తుందని జకర్యా అనుకోలేదు. లారీ వెనక ఆటోలు నిలిచిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. పాల క్యాన్లు సైకిలుకి కట్టుకున్న సదాశివ దిగి ముందుకొచ్చాడు. గ్యాస్ ట్యాంకులో పోసే పేడ అతని కొట్టంలోంచే వస్తుంది.

"ఏందన్నా లొల్లి? గింత మట్టి దేనికి?"

జకర్యా చొక్కా సర్దుకున్నాడు. "లోపల ఒక గుంట ఉంది."

"ఏం గుంట?"

"పాత గుంట. పూడ్చాలి."

"గదే, ఏం గుంటన్నా?"

గల్లీలో ఒక్కొక్కరే చేరుతున్నారు. పాన్‌డబ్బా వాడు, కిరాణా కొట్టావిడ, బడికి పోయే పిల్లల తండ్రులు. అందరూ జకర్యా నోటివైపే చూస్తున్నారు.

"చెప్పండి జకర్యా గారూ," అన్నాడు సామ్యూల్ ఊచల వెనక నుంచి, గల్లీ చివరిదాకా వినబడేలా. "మరుగుదొడ్ల గుంట అని చెప్పండి. అది పూడిస్తే ఇంతమంది పిల్లలు రేపు పొద్దున ఎక్కడికి పోవాలో అది కూడా చెప్పండి."

"దొడ్ల గుంటనా?" సదాశివ సైకిలు స్టాండు వేశాడు. "అది బంద్ జేస్తే ఆ నీళ్లు యాడికి వస్తయ్? మా గల్లీలకే గద! ఏం సారూ, ఇస్త్రీ బట్టలేసుకుని గిదేం పని?"

కిరాణా కొట్టావిడ అందుకుంది. పాన్‌డబ్బా వాడు అందుకున్నాడు. జకర్యా మెల్లిగా మాట్లాడండి, మెల్లిగా అంటూ చేతులు ఊపాడు. ఆయన మెల్లిగా అన్నకొద్దీ వాళ్లు దొడ్ల గుంట అన్న మాటే గట్టిగా అన్నారు.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నాకు ఇంకో ట్రిప్పుంది సారూ. మట్టి యాడ పొయ్యాలె?"

జకర్యా అటు తిరిగి, "తీసుకుపో" అన్నాడు.

లారీ వెనక్కి కదలడానికి గల్లీ అంతా కేకలు పెట్టి దారి ఇచ్చింది. జకర్యా గేటు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీ ఉద్యోగం సంగతి కమిటీలో చూస్తా సామ్యూలూ."

"చూడండి. అప్పటిదాకా నేను మేనేజర్నే."

పెరట్లోంచి వీరయ్య పిలిచాడు. "సారూ, సిమెంటు కలిపిన. ఎండ ముదిరితె గట్టిపడ్తది, జెల్ది రా!"

సామ్యూల్ చొక్కా చేతులు మడుచుకుంటూ లోపలికి నడిచాడు. గేటు తాళం అలాగే ఉంది.